మొహం చూసి చెప్పాలి

మా కాలేజీలో 'వృత్తి విలువలు, నైపుణ్యాలు' అని ఒక పేపరు ఉంది. ఫిషరీస్ డిగ్రీ చివరి సెమిస్టర్ పిల్లలకి. చేపల రోగాలంటే ఒకరు, మేతలంటే ఇంకొకరు పంతం పట్టి మరీ తీసుకుంటారు గానీ, ఈ విలువలు మాత్రం ఎవరికీ అక్కర్లేదు. ఉరుము ఉరిమి మంగళం మీద పడ్డట్టు ఏటా అవి నా నెత్తినే పడతాయి.

"మీకైతే ఓపిక ఎక్కువండీ వసుంధర గారూ," అంటారు మా హెచ్‌వోడీ భుజంగరావు గారు.

నాకు ఓపిక ఎక్కువని ఆయనకి ఎవరు చెప్పారో తెలీదు. నాగాయలంకలో బస్సెక్కి, అవనిగడ్డలో లేచి పెద్దవాళ్ళకి సీటిచ్చి, చల్లపల్లిలో నలిగి, బందరులో దిగేసరికే నా ఓపిక సగం ఖర్చయిపోయి ఉంటుంది. మిగతా సగం తిరుగు బస్సుకి దాచుకోవాలి. మధ్యలో విలువలు.

పుస్తకం ఉంది. అందులో నిజాయితీ అంటే ఏమిటి, నిబద్ధత అంటే ఏమిటి అని నిర్వచనాలు ఉన్నాయి. రెండు సంవత్సరాలు అవే చదివించాను. పిల్లలు పరీక్షలో నిజాయితీ నిర్వచనాన్ని ముందు బెంచీవాడి పేపర్లో చూసి రాశారు. అప్పటినుంచి పుస్తకం మూసేసి, ఒక బల్ల, రెండు కుర్చీలు వేయించాను. ఒక కుర్చీలో నేను, రొయ్యల రైతుని. ఎదురు కుర్చీలో స్టూడెంటు. నా చెరువుకి రోగం వచ్చిందని వాళ్ళు నాకు చెప్పాలి. అంతే పాఠం.

"మూడు ముక్కలు చెప్పండి చాలు. నేను చూసింది ఇది. నాకు ఇంకా తెలీనిది ఇది. మీరు ఇప్పుడు చెయ్యాల్సింది ఇది. చెరువు వైపు చూస్తూ కాదు, రైతు మొహం చూసి చెప్పాలి."

చూపు పక్కకి పోయినప్పుడల్లా పెన్నుతో బల్ల మీద టక్ టక్ మని కొట్టేదాన్ని. ఆ వేసవి బ్యాచిలో ఆ టక్ టక్ ఎక్కువగా తిన్నది ప్రసన్నలక్ష్మి. పెడన పిల్ల. వాళ్ళ నాన్న కలంకారీ అద్దకం పని చేస్తాడు. మైక్రోస్కోపు ముందు కూర్చుంటే ఆ పిల్లకి లోకం తెలీదు. ఇంకెవరికీ కనపడనిది ఆమెకి కనపడుతుంది. కనపడింది నోటితో చెప్పమంటే మాత్రం గొంతు పెగలదు.

"ఏ ఊరమ్మా నీది?" అని రైతులా గదమాయించాను మొదటి రోజు.

"పెడనండీ."

"పెడనలో చీరలుంటాయి గానీ చెరువులెక్కడివి? ఎప్పుడన్నా గట్టెక్కావా నువ్వు? నా చెరువుకి రోగమని చెప్పడానికి వచ్చావా?"

ఆ పిల్ల చూపు కిటికీ మీదికి పోయింది. టక్ టక్. బల్ల మీదికి వచ్చింది. టక్ టక్. కళ్ళనిండా నీళ్ళు. వెనక బెంచీలో ఏలీయా కిసుక్కున నవ్వాడు. వాణ్ణి లేపి కుర్చీలో కూర్చోబెడితే వాడికి ఒక్క ముక్కా రాలేదు, అది వేరే సంగతి.

క్లాసయ్యాక వరండాలో పట్టుకుంది నన్ను. "మేడమ్, చెప్తే రైతుకి కోపం వస్తుంది కదండీ?"

"వస్తుంది. ఆయన చెరువు మరి."

"కోపం వచ్చాక ఏం చెయ్యాలండీ?"

"అక్కడే నిలబడాలి," అన్నాను. బస్సుకి టైమైపోతోంది. అంతకంటే వివరంగా చెప్పే తీరిక లేదు నాకు.

ఏప్రిల్లో క్యాంపు. పిల్లలు ఏదో ఒక ఊళ్ళో ఉండి, రైతుల చెరువులు చూసి, సలహా చెప్పాలి. "మా ఊరు తీసుకురా," అన్నారు మా ఆయన. ఆయన పేరు బాబ్జీ. నాగాయలంక దాటాక పాయ పక్కన లీజుకి తీసుకున్న చెరువులో వనామీ రొయ్య వేశారు. "హైస్కూలు ఒంటిపూట బడే కదా, మగపిల్లలు రాత్రిళ్ళు అక్కడ పడుకుంటారు. ఆడపిల్లలు మనింట్లో ఉంటారు. మన చెరువు కూడా చూస్తారు," అని ఆయనే మునసబుగారిలా ఏర్పాట్లన్నీ చేశారు. సంబరంగా ఉన్నారు అప్పుడు. అంతకుముందు ఏడాది చెరువు తుడిచిపెట్టుకుపోయింది. ఈసారి రొయ్య బాగా ఎదుగుతోంది. రెండు నెలలుగా ఆయన ఇంట్లో పడుకున్నదే లేదు. కరెంటు పోతే నీళ్ళకి గాలి కొట్టే ఏరేటర్లు ఆగుతాయని గట్టు మీద పాకలోనే మంచం.

ఆ ముందు ఏడాది సంగతి ఒకటి చెప్పాలి. మా పక్క చెరువు పెద్దింట్లమ్మది. భర్త పోయాక ఒంటిచేత్తో చేస్తుంది. మా ఆయన్ని తమ్ముడూ అంటుంది, నన్ను మరదలా అంటుంది. పోయినేడాది ఇదే రోజుల్లో ఆమె ఉన్నట్టుండి వల వేయించి చెరువు పట్టేసింది. "రేటు బాగుంది తమ్ముడూ, అందుకే పట్టేశా," అంది. ఆ నీళ్ళు పాయలోకి వదిలింది. ఆ పాయ నీళ్ళే మేం తోడుకున్నాం. వారం తిరక్కుండా మా రొయ్యలు గట్టు వారకి వచ్చి తేలాయి.

మా గట్ల మీద రోగం పేరు ఎత్తకూడదు. చెప్పులు కింద వదిలి గట్టెక్కినట్టే, ఆ పేరూ కింద వదిలేసి ఎక్కాలి. పేరు పెట్టి పిలిస్తే వస్తుందంటారు. అందుకని రోగం వచ్చిన ప్రతివాడూ రేటు బాగుందనే అంటాడు. రేటు బాగుందన్న మాట వినగానే తెలివైనవాడు మోటారు ఆపుకుంటాడు. మా ఆయన తెలివైనవాడే గానీ, అక్క మాట నమ్మారు.

క్యాంపు మొదలైన వారానికి, ఒక పొద్దున్న, ప్రసన్నలక్ష్మి మా చెరువులో మేత తిన్నదీ లేనిదీ చూసే చెక్‌ట్రే పైకి తీసింది. అమావాస్య దగ్గరపడింది, పాయ పోటు మీద ఉంది. నేను ఏలీయా వాళ్ళతో అవతల గట్టు మీద ఉన్నాను. ఆ పిల్ల ట్రేలో రొయ్యని తీసి తలపెంకు ఒలిచి, ఎండకి పెట్టి చూసింది. ఇంకోదాన్ని తీసింది. ఇంకోదాన్ని. తర్వాత చేతులు కడుక్కుని, మా ఆయన దగ్గరికి నడిచి, ఎదురుగా నిలబడింది. నేను గబగబా అటు నడిచాను. వెళ్ళేసరికే మొదలుపెట్టేసింది.

"సార్, నేను చూసింది చెప్తానండీ. మేత తినలేదు. రొయ్య ఎర్రబడింది. పెంకు మీద తెల్లమచ్చలున్నాయి. చూసిన వాటిల్లో చాలావాటికి ఉన్నాయండీ. నాకు వైట్‌స్పాట్ అనిపిస్తోంది."

"ఏయ్ పిల్లా!" అన్నారు మా ఆయన. "గట్టు మీద ఆ పేరు ఎత్తకూడదు."

ఆ పిల్ల చూపు తిప్పలేదు. "నాకు ఇంకా తెలీనిది కూడా చెప్తానండీ. ఖాయంగా చెప్పాలంటే ల్యాబ్‌లో టెస్టు చెయ్యాలి. రిపోర్టు రేపు గానీ రాదు. కానీ రేపటిదాకా ఆగొద్దండీ. ఇప్పుడు చెయ్యాల్సింది, మీ నీళ్ళు పాయలోకి వదలకూడదు. వల వేసి పట్టేశాక బ్లీచింగ్ చల్లి, నీళ్ళు చెరువులోనే ఉంచాలి. పక్క చెరువు ఆవిడకి ఈ రోజే చెప్పాలి."

అన్నీ నేను నేర్పిన వరసలోనే ఉన్నాయి. ఇంత బాగా నేర్చుకుందా అని గర్వం వచ్చింది, ఎందుకు నేర్పానురా భగవంతుడా అని ఏడుపూ వచ్చింది. మా ఆయన అరవలేదు. ట్రేలోంచి ఒక రొయ్యని తీసి అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశారు. తర్వాత నా వైపు ఒకసారి చూసి ఇంటికి నడిచారు.

మధ్యాహ్నం కాళ్ళు కడుక్కుని వచ్చి కూడా కంచం ముందు కూర్చోలేదు. గోడకి ఆనుకుని నిలబడ్డారు.

"రాత్రే తెలుసు నాకు. మేత మిగిలింది ట్రేలో. సరుకు కొనే ఏజెంటుకి ఫోన్ చేశా, రేపు తెల్లారి వల వేస్తాడు. నీ శిష్యురాలికి చెప్పు, రెండ్రోజులు నోరు మూసుకోమని. తర్వాత ఊరంతా దండోరా వేసుకోమను."

"మరి నీళ్ళో?"

"ఇంకాసేపటికి తూము ఎత్తుతా. నీళ్ళు దించకుండా వల లాగితే సగం సరుకు అడుగునే ఉండిపోద్ది. నీకు తెలీనిదా?"

"వదిన సాయంత్రం పోటుకి పాయ నీళ్ళు తోడుకోడానికి ఇంజను వేస్తుందండీ."

"వేసుకోనీ."

నేను కంచంలో అన్నం వడ్డించాను.

"పోయినేడాది ఆవిడ మనకి చెప్పిందా?" అన్నారు. గొంతు పెద్దది చెయ్యలేదు. "రేటు బాగుందంది. నవ్వుతా అంది. ఆ రోజు నువ్వే టీ కూడా ఇచ్చావు ఆవిడకి. ఇప్పుడు మనం చెప్పాలా? మాట బయటికి పోయిందంటే ఏజెంటు సగం రేటుకి అడుగుతాడు. కొట్టువాడు మళ్ళీ పంటకి మేత అరువివ్వడు. ఎవడి కోసం?"

ఆయన అన్నదాంట్లో అబద్ధం ఏదీ లేదు. అబద్ధం ఉంటే ఎదురు మాట్లాడేదాన్ని. ఎండకి నల్లబడిపోయిన ఆ మెడ, రెండు నెలలుగా సరైన నిద్ర లేని ఆ కళ్ళు చూస్తుంటే ఆయన మీద కోపం కూడా రాలేదు. కోపం వస్తే కొంచెం బలం వచ్చేది.

"ఆ పిల్ల ఎలా ఊరుకుంటుందండీ?" అన్నాను చివరికి.

"మార్కులు నీ చేతిలోనే ఉన్నాయిగా. ఒక్క మాటంటే కుక్కిన పేనులా పడుంటది." ఆ మాట అనేసి ఆయనే తల దించుకున్నారు. తువ్వాలు భుజాన వేసుకుని, "క్లాసులో శ్రీరంగనీతులు గట్టు మీద పనికిరావు వసుంధరా. నువ్వెళ్ళి ఆవిడకి చెప్పావంటే ఈ చెరువుల సంగతి నేనింక చూడను. గుడివాడలో మా బావ బియ్యం కొట్టుంది. అక్కడ మూటలు మోసుకుంటా," అని బయటికి వెళ్ళిపోయారు. వడ్డించిన అన్నం అలాగే ఉంది.

వరండాలో ప్రసన్నలక్ష్మి గాజు స్లైడులు కడిగి, గుడ్డతో తుడిచి, ప్లాస్టిక్ పెట్టెలో సర్దుతోంది. అన్నీ వినపడే ఉంటాయి. మా ఇల్లు ఎంత పెద్దదని.

"మేడమ్, నేను తప్పుగా చెప్పానాండీ?"

"లేదమ్మా. బాగా చెప్పావు."

"సార్ అరవలేదండీ. క్లాసులో మీరు అరిచేవారు కదా, అలా అరుస్తారనుకున్నాను. అరిస్తే బాగుండేది." స్లైడు ఒకటి రెండోసారి తుడిచింది. "పక్క చెరువు ఆవిడకి నేను వెళ్ళి చెప్పి రానాండీ?"

వెళ్ళమంటే వెళ్తుంది. వద్దంటే ఆగుతుంది. ఏ మాటన్నా ఆ పిల్ల దాన్ని పాఠం అనుకుంటుంది, అదీ నా బాధ. ఆమె చెప్తే మా ఆయన కోపమూ ఊరి కోపమూ పెడన పిల్ల మీద పడతాయి. మా ఇంటికి ఏమీ అంటదు. అది నాకు చాలా సులువు.

"నువ్వు చెప్పాల్సిన రైతుకి నువ్వు చెప్పేశావు," అన్నాను. "ఆవిడకి చెప్పాల్సింది చెరువుగలవాళ్ళం."

కొంగు నెత్తిన వేసుకుని బయలుదేరాను. ఎండ మాడ్చేస్తోంది. కొంత దూరం పోయాక వెనక్కి చూస్తే ఆ పిల్ల స్లైడుల పెట్టె చేత్తో పట్టుకుని వస్తోంది. నేను రమ్మనలేదు, పొమ్మనలేదు కూడా.

పెద్దింట్లమ్మ ఇంజనులో డీజిలు పోస్తోంది. నీళ్ళు తోడే గొట్టం అప్పటికే పాయలో దించి ఉంది. పాయలో నీరు ఎక్కుతోంది.

"రా మరదలా! ఇంత ఎండలో ఏంటి? ఆ పిల్లకి మొహం వాడిపోయింది చూడు. మజ్జిగన్నా ఇచ్చావా?"

"వదినా, ఈ పోటుకి నీళ్ళు పెట్టకండి," అన్నాను, పాయ వైపు చూస్తూ.

"అదేంటి? ఈ పోటు తప్పితే పాయలో ఉప్పు తగ్గి నీళ్ళు చప్పబడతాయి."

చెప్పాలి. ఎన్ని సార్లు విన్నాను ఆ మూడు ముక్కలు! ఒక్కసారి కూడా నేను చెప్పలేదు. ఇన్నేళ్ళూ నేను కూర్చున్నది రైతు కుర్చీలో. అరవడం సులువు. ఇంజను వైపు చూశాను. డీజిలు డబ్బా వైపు చూశాను. నా నోట్లోంచి వచ్చిన మాట విని నాకే ఆశ్చర్యమేసింది.

"ఆయన రేపు చెరువు పట్టేస్తున్నారండీ. రేటు బాగుందని..."

వెనకనుంచి టక్ టక్ మని చప్పుడైంది. ప్రసన్నలక్ష్మి పెన్నుతో స్లైడుల పెట్టె మీద కొడుతోంది. మెల్లిగానే కొట్టింది.

నేను పెద్దింట్లమ్మ మొహం చూశాను. నుదుటి మీద చెమట, చెంపకి అంటిన డీజిలు మరక. రేటు అన్న మాట వినగానే ఆ మొహంలో నవ్వు పోయింది. ఆ మాట అర్థం ఆవిడకి తెలీనిది కాదు.

"రేటు కాదు వదినా. మా చెరువులో వైట్‌స్పాట్ కనపడింది. ల్యాబ్ రిపోర్టు రేపు గానీ రాదు. మావాళ్ళు ఈ రెండు మూడు రోజులు నీళ్ళు మార్చారు, పాయలోకి ఎంత వచ్చిందో నాకు తెలీదు. మీరు మాత్రం ఇంజను వెయ్యకండి."

పేరు ఎత్తాను, గట్టు మీద. ఆవిడ చెవులు మూసుకోలేదు. డబ్బా కింద పెట్టింది.

"బాబ్జీ పంపాడా?"

"లేదండీ."

"పోయినేడాది నేను..." అని ఆగింది.

"గొట్టం పైకి తీసెయ్యండి వదినా. పోటు వచ్చేస్తోంది."

బురద పట్టి బరువెక్కి ఉంది ఆ గొట్టం. ఆవిడ ఒక్కతే లాగబోయింది. ప్రసన్నలక్ష్మి పెట్టె కింద పెట్టి ఒక చెయ్యి వేసింది, నేనూ వేశాను. ముగ్గురం కలిసి దాన్ని గట్టు మీదికి ఈడ్చాం. ఒంటినిండా బురద.

అమావాస్య పోటు వేళ గొట్టం గట్టు మీద పడి ఉందంటే ఆ వరస రైతులకి ఇంకేం చెప్పక్కర్లేదు. మేం తిరిగి నడుస్తుండగానే అవతలి చెరువు ఇంజను ఆగింది. దాని అవతలిది కూడా ఆగింది.

మా తూము దగ్గర మా ఆయన ఉన్నారు. ఒక చెయ్యి తూము పలక మీద ఉంది. ఎత్తలేదు. గట్టు మీద ఎండలో నల్లగా పడి ఉన్న ఆ గొట్టం వైపు చూస్తున్నారు. నేను ఆయన పక్కనించే నడిచి వెళ్ళాను. ఆయన తూము మీంచి చెయ్యి తీసి, అక్కడే గట్టు మీద కూర్చున్నారు.

మర్నాడు నిండు నీళ్ళలోనే వల లాగారు. ఆయన చెప్పినట్టే సరుకు చాలావరకు అడుగునే ఉండిపోయింది. ఏజెంటు కూడా ఆయన చెప్పినట్టే సగం రేటే కట్టాడు. తర్వాత ఆయనే బ్లీచింగ్ బస్తాలు మోసుకొచ్చి చల్లారు. ఏలీయా సాయం చెయ్యబోతే వద్దన్నారు. సాయంత్రం వచ్చిన ల్యాబ్ రిపోర్టులో ఆ పిల్ల చెప్పిందే ఉంది. దాన్ని ఎవరం రెండోసారి చదవలేదు.

క్యాంపు అయిపోయింది. పిల్లలు వెళ్ళిపోయారు. వెళ్ళేముందు ప్రసన్నలక్ష్మి మా ఆయనకి నమస్కారం పెట్టింది. ఆయన తల ఊపారు. ఆ తర్వాత ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. గొడవపడితే సర్దుకోవచ్చు, మేం గొడవ కూడా పడలేదు. "తాళం ఎక్కడుంది?" అని గోడని అడిగేవారు. "కూరలో ఉప్పు చాల్లేదు," అని కంచానికి చెప్పేవారు. రాత్రిళ్ళు ఇప్పుడు ఇంట్లోనే పడుకుంటున్నారు. ఏరేటర్ల చప్పుడు లేక నిద్ర పట్టేది కాదు ఆయనకి. లీజు వదిలేశారు. గుడివాడ బావకి ఫోన్ చేసి జూన్ మొదటి సోమవారం వస్తానన్నారు.

నేను మామూలుగానే బస్సెక్కి బందరు వెళ్ళొస్తూ ఉన్నాను. భుజంగరావు గారు క్యాంపు రిపోర్టులు తిరగేసి, "ఈ ప్రసన్నలక్ష్మి ఎవరండీ, భలే రాసింది. 'ఒక రైతు చెరువులో' అంటుంది, ఆ రైతు పేరు రాయలేదేం?" అని అడిగారు.

"రాయకూడదు కదండీ," అన్నాను.

"అవునవును, అదీ విలువే," అని నవ్వి, వచ్చే ఏడాది కూడా ఆ పేపరు నాకే రాసేశారు.

మే నెలాఖరున పెద్దింట్లమ్మ చెరువు పట్టింది. ఈసారి నిజంగానే రేటు బాగుంది, రొయ్యా బాగుంది. ఆ సాయంత్రం తనే బుట్ట నెత్తిన పెట్టుకుని వచ్చింది. పంట చేతికొస్తే గట్టు పక్కవాళ్ళకి కూరకి పంపడం ఎప్పుడూ ఉన్నదే. పోయినేడాది పంపలేదు. బుట్ట అరుగు మీద దించి, "తమ్ముడు లేడా?" అంది.

"పెరట్లో ఉన్నారు వదినా. పిలవనా?"

"వద్దులే," అని కాసేపు నిలబడి, కొంగుతో మొహం తుడుచుకుని వెళ్ళిపోయింది.

ఆ రొయ్యల్ని ఏం చెయ్యాలో నాకు తోచలేదు. వండితే ఆయన తింటారా? పారేస్తే పాపం కాదూ? బుట్ట అక్కడే వదిలేసి, మార్కులు వేసుకోవాల్సిన కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను. మర్నాడు ఆయన గుడివాడ ప్రయాణం. సర్దిన బ్యాగు తలుపు పక్కనే ఉంది.

ఆయన పెరట్లోంచి వచ్చి బుట్ట చూశారు. ఎవరిచ్చారని అడగలేదు. పీట వాల్చుకుని, పళ్ళెం పక్కన పెట్టుకుని, ఒలవడం మొదలుపెట్టారు. మొదటిదాని పెంకు తీసి వెలుతురుకి పెట్టి చూశారు. శుభ్రంగా ఉంది. పళ్ళెంలో వేశారు. రెండోదాన్నీ అలాగే చూశారు. ఆ తర్వాత చూడ్డం మానేసి గబగబా ఒలుచుకుంటూ పోయారు.

పళ్ళెం సగం నిండాక అన్నారు. "ఆ పెడన పిల్లకి ఎన్ని వేశావు?"

ఆ అడిగింది నన్నా, రొయ్యల్నా అని ఒక్క క్షణం తెలీలేదు.

"రిజల్ట్సు వచ్చేదాకా చెప్పకూడదండీ," అన్నాను.

ఆయన చేతులు ఆగాయి. తలెత్తారు.

"ఊళ్ళోవాళ్ళకి అన్నీ చెప్తావు. మొగుడికి ఇది చెప్పకూడదా?"

నెలన్నర తర్వాత ఆయన నా మొహం చూసి అన్న మొదటి మాట అది. నేను లేచి పొయ్యి వెలిగించాను.